చెప్పినవారి పేరు లేని కబురు

పొద్దున ఏడు గంటల తొమ్మిది నిమిషాలకి రేడియోలో కబుర్లు చదివే అక్క పచ్చి అబద్ధం ఆడిందని ఊరంతా అంటోంది. మధ్యాహ్నం మూడుకి పది నిమిషాలు తక్కువలో ఆ అక్క డిటెక్టివ్ ఎదురుగా కూర్చుని, గుప్పిట్లో ఉన్న ఎర్ర గుడ్డపేలికతో మొహం తుడుచుకుని, ఒకే ఒక్క జవాబు చెప్పింది.

"గొంతు నాదే పిన్నీ. మాటలూ నావే. కానీ ఇవాళ నేను అనలేదు."

డిటెక్టివ్‌కి ఆ జవాబు నచ్చింది. దొంగ జవాబు నున్నగా ఉంటుంది, ఎక్కడ తడిమినా చేతికి ఏదీ తగలదు. ఇది గరుకుగా ఉంది.

డిటెక్టివ్‌ని అందరూ ట్రంకాల్ పిన్ని అంటారు. ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని, జనం పెళ్లి మాటలూ చావు కబుర్లూ ఈ తీగలోంచి ఆ తీగలోకి దాటించి, ఒక్కటంటే ఒక్కటి నోటికి రానివ్వకుండా రిటైరైన మనిషి. ఒకసారి విన్న గొంతు జన్మలో మర్చిపోదు. మొహాలు మాత్రం నిలవవు. పక్కింటాయన మీసం తీసేస్తే, ఎవరు కావాలండీ అని గుమ్మంలోనే నిలబెట్టింది.

దేశమంతా ఓట్లు వేస్తున్న రోజు. దిగువ వీధుల వాళ్లందరికీ పల్లంలో ఉన్న బడే పోలింగు కేంద్రం. పొద్దున పాటల మధ్యలో అక్క గొంతు, "దిగువ వీధుల బడిలో జరగాల్సిన పోలింగు రేపటికి వాయిదా పడింది, ఎవరూ బయల్దేరి రావద్దు" అని పలికింది. నాలుగు వందల పైచిలుకు ఓటర్లు. బడి దాకా వచ్చినవాళ్లు వెనక్కి తిరిగారు. ఇళ్లల్లో ఉన్నవాళ్లు టిఫిన్ డబ్బాలు సర్దుకుని బట్టల ఫ్యాక్టరీకి పోయారు. పదింటికి ఎలక్షన్ ఆఫీసరు మైకు కట్టిన బండి తిప్పి, వాయిదా ఏమీ లేదు రండి అని చెప్పించాడు. పొద్దున వద్దన్నారు, ఇప్పుడు రమ్మంటున్నారు, ముందు మీలో మీరు తేల్చుకోండి అని జనం తలుపులు వేసుకున్నారు. రెండు గంటలకి పడిన ఓట్లు అరవై ఒకటి.

ఒంటిగంటకి ఆఫీసరే డిటెక్టివ్‌కి ఫోన్ చేశాడు. మాట మొదలుపెట్టే ముందు, పంటి సందులో ఏదో ఇరుక్కున్నట్టు నాలుకతో చిన్న చప్పుడు చేసే అలవాటు ఆయనకి. "ఐదింటిదాకా టైమిస్తున్నా పిన్నిగారూ. ఐదు కొట్టగానే స్టేషన్‌కి సీలు, ఆవిడకి జీపు" అన్నాడు. పొద్దున గోల మొదలవగానే ఇచ్చిన ఉత్తర్వే అంతవరకు సాగాలి, అక్క మైకు ముట్టకూడదు, స్టూడియోకి తాళం, పాటలు మాత్రం ఆపొద్దు, ఆపితే జనం ఇంకా బెదిరిపోతారు, అని కూడా చెప్పాడు. తాళంచెవి మేనేజరు జేబులో ఉంది.

డిటెక్టివ్‌ని ఈ పనికి పిలిచింది మాత్రం శ్రోతల సంఘం అధ్యక్షుడు. డెబ్బై ఏళ్ల టైలరు. మెడలో కొలతల టేపు తియ్యకుండానే వచ్చి, గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. అక్క కంటే పాతికేళ్లు పెద్దవాడు, ఆమెని అక్కా అనే పిలుస్తాడు. ఊళ్లో అందరూ అంతే. ఆమెని పేరుపెట్టి పిలిచేది రేషను కార్డు ఒక్కటే.

దిగువ వీధుల్లో పొద్దున్నే ఓటేసిన కొద్దిమందిలో టైలరు ఒకడు. రేడియో విన్నాడా అంటే విన్నాడు. మరి ఎందుకు వెళ్లావయ్యా అని డిటెక్టివ్ అడిగింది.

"చెప్పినవారి పేరు రాలేదు కదా పిన్నమ్మగారూ."

ఆ రేడియోలో ఒక కట్టుబాటు ఉంది. ఏ కబురు చదివినా చివర్న, ఈ కబురు చెప్పినవారు ఫలానా, ఫలానా వీధి, ఫలానా పని అని చెప్పాలి. బావిలో నీళ్లు తగ్గాయన్నా సరే, మంత్రి మారాడన్నా సరే. చెప్పడానికి మనిషి లేకపోతే కబురే లేదు. దానికి తోడు రోజూ సాయంత్రం 'చూసొచ్చాం' అని ఐదు నిమిషాల ముక్క ఒకటి. పెద్ద టీవీ చానల్ ఫలానా చోట వంతెన కూలిందని చెప్పింది, మేం వెళ్లి చూసొచ్చాం, వంతెన నిలబడే ఉంది, దాని మీద బట్టలు ఆరేసుకుంటున్నారు, చెప్పినవారు చాకిరేవు ముసలాయన. ఇలా ఉంటుంది. ఊళ్లో ఆ చానల్ పేరెత్తితే జనం ముందు నవ్వి తర్వాత వినడం మొదలుపెట్టి ఏడాదైంది.

టైలరు పొద్దున ఏడూ పధ్నాలుగుకి స్టేషన్‌కి ఫోన్ చేసి, అక్కా పేరు చెప్పలేదేం అని అడిగాడు. అప్పుడే అక్కకి విషయం తెలిసింది. ఆమె చెప్పిన వరస ఇది. ఏడూ ఐదుకి పాటలు కంప్యూటరుకి అప్పజెప్పింది. వరస పెట్టి టైము ఇస్తే అదే వేసుకుంటూ పోతుంది. ఏడూ ఏడుకి వెనక గదిలో ఫోను మోగింది. ఎవరో మగమనిషి ఎలక్షన్ ఆఫీసు నుంచని చెప్పి, స్టేషన్లో ఎంతమంది, ఎవరెవరు అని సాగదీసి ఏడూ పన్నెండుకి పెట్టేశాడు. ఆ గదిలో స్పీకరు లేదు.

ఆ మాటలు నావే అన్నావు, ఎప్పటివి అని డిటెక్టివ్ అడిగింది. ఐదేళ్ల కిందటి ఎన్నికలప్పటివి అని అక్క చెప్పింది. వరదొచ్చి బడిలోకి నీళ్లొస్తే పోలింగు నిజంగానే వాయిదా పడింది, తనే చదివింది. అప్పుడు మాత్రం చివర్న బడి హెడ్‌మాస్టరు పేరు చెప్పింది. ఆయన పోయి మూడేళ్లు. ఎవరో తోక కోసి ఒట్టి మొండెం వేశారు. ఈ మాట పొద్దుట్నుంచి పదిమందికి చెప్పింది. ఆ పాత డిస్కు చూపించు అన్నారు. డిస్కులున్న బీరువా తాళం పోయిందని, లోపల చెదలు తిన్నాయని బావ అన్నాడు.

బావ అంటే మేనేజరు. అక్కకి సొంత అక్క మొగుడు.

మేనేజరు మూడూ ఐదుకి వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా. మాట కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంది. పొద్దున వెనక మెట్ల మీదుగా వచ్చానని, ఏడు దాటి ఎనిమిది తొమ్మిది నిమిషాలకి స్టూడియో తలుపు దగ్గరికి వెళ్లానని చెప్పాడు. తలుపు పైన ఎర్ర దీపం వెలుగుతోంది. అది వెలిగితే మైకు తెరిచి ఉన్నట్టు, తల తెగినా లోపలికి పోకూడదు. నిలబడిపోయాడు. వరండా స్పీకర్లో మరదలి గొంతు విన్నాడు. టీ తాగొచ్చి అడుగుదామని వెనక మెట్లే దిగి వెళ్లాడు.

దీపం కళ్లారా చూశారా అని డిటెక్టివ్ అడిగింది. చూశానన్నాడు. కాసేపాగి ఇంకేదో అడిగి, మళ్లీ దీపం దగ్గరికే వచ్చింది.

"నిప్పు కణికలా వెలుగుతోంది పిన్నిగారూ. సొంత మరదలు. ఇంట్లో నా భార్యకి ఏం సమాధానం చెప్పాలో తెలియడం లేదు. అయినా చూసింది చూడలేదని ఎలా అనను?"

నున్నగా ఉంది. డిటెక్టివ్ వేలితో తన చెవి తమ్మె తడుముకుని, స్టూడియో చూస్తానంది.

అక్కకి ప్రవేశం లేదు కాబట్టి మేనేజరే తాళం తీశాడు. చిన్న గది. గోడలకి గుడ్డు అట్టలు అంటించి పైన దుప్పట్లు కుట్టారు. బల్ల మీద మైకు, పక్కన కంప్యూటరు, ఎవరూ లేని గదిలో పాట తన దారిన తను పాడుకుంటోంది. డిటెక్టివ్ ముందు లోపలికి వెళ్లలేదు. గుమ్మం బయట స్టూలు వేసుకుని, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, తలుపు మీది ఎర్ర బల్బు విప్పింది. గాజు లోపల నల్లగా మసి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల తెగిన తీగ గలగలమంది.

ఇప్పుడే మాడిందేమో, పొద్దున వెలిగింది అన్నాడు మేనేజరు. అడక్కుండానే అన్నాడు.

డిటెక్టివ్ బల్బు కొంగున కట్టుకుని, లోపల బల్ల మీదున్న డ్యూటీ రిజిస్టరు తెరిచింది. అక్క చేతిరాత, చీమల బారులా చిన్నగా. ఆ రోజు తేదీ కింద మొదటి వరస: ఆరు ఇరవై. మైకు తెరవగానే ఎర్ర దీపం మాడిపోయింది. కొత్తది తెప్పించాలి. అంతవరకు గుర్తుగా తలుపు గొళ్లేనికి ఎర్ర గుడ్డ కట్టాను.

డిటెక్టివ్ రెండుసార్లు చదివి, రిజిస్టరు మూసింది. ముందు గదిలో అక్క గుప్పిట్లో నలుగుతున్న పేలిక గుర్తొచ్చింది. టైలరు కొట్లో మిగిలిన ముక్క అయ్యుంటుంది, అంచు జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించి ఉంది. పొద్దున గోల మొదలవగానే అక్క పరుగెత్తుకొచ్చి తలుపు తోస్తూ దాన్ని ఊడబెరికి ఉంటుంది. అప్పట్నుంచి అది ఆమె చేతిలోనే ఉంది. ఎనిమిదింటికి ఊరితో పాటు వచ్చినవాడికి తలుపు మీద ఏ గుడ్డా కనబడదు. ఏడూ తొమ్మిదికి నిజంగా ఆ తలుపు ముందు నిలబడ్డవాడికి మాత్రం కనబడి తీరుతుంది.

తర్వాత కంప్యూటరు ముందు కూర్చుంది. దాని సంగతులు ఆమెకి పెద్దగా తెలియవు. అక్షరాలు మాత్రం చదవగలదు. సాయంత్రం దాకా పాటల వరస తెర మీద ఉంది, ప్రతి పాటకీ మొదటి మాట రాసి ఉంది. ఒక్కదానికి లేదు. ఆ వరసలో ఒట్టి అంకెలున్నాయి, 14, గీత, 2. ఇదేమిటని అడిగితే మేనేజరు కళ్లజోడు పైకి తోసి వంగి చూశాడు.

"తెలీదు. ఏదో ప్రకటన అయ్యుంటుంది. నేను పెట్టలేదే."

ఆయన నోట్లోంచి వచ్చిన మాటల్లో ఇదొక్కటే గరుకుగా ఉంది. డిటెక్టివ్‌కి అది నచ్చలేదు. వేసి వినిపించమంటే, పాట ఆపితే గాని కుదరదు, పాట ఆపితే ఆఫీసరు ఊరుకోడు అన్నాడు. ఆమె అంకెలు అరచేతిలో రాసుకుని లేచింది. మేనేజరు మళ్లీ తాళం వేసుకున్నాడు.

ముందు గదిలోకి వచ్చేసరికి మూడూ నలభై. అక్కడ బ్రేకింగ్ బాబు ఉన్నాడు.

పెద్ద చానల్ రిపోర్టరు. ఏది చెప్పినా బ్రేకింగ్ అని మొదలుపెడతాడు, అందుకని ఆ పేరు. అక్క మొహానికి జానెడు దూరంలో ఫోను పెట్టి, దేశానికి ఏం చెబుతారు మేడమ్ అని అడుగుతున్నాడు. పొద్దుట్నుంచి ఆ చానల్లో ఒకటే వార్త: నమ్మిన రేడియోనే నాలుగు వందల ఓట్లు మింగింది. పక్కన అక్క ఫొటో, దాని చుట్టూ ఎర్ర గీత.

డిటెక్టివ్‌ని చూసి బాబు చేతులు జోడించాడు. ట్రంకాల్ కాలం అయిపోయింది పిన్నిగారూ, మేం నిమిషంలో తేల్చేసిన దాన్ని మీరు సాయంత్రం దాకా సాగదీస్తున్నారు అన్నాడు. నిమిషంలో తేల్చావా నాయనా, ఎలా అని డిటెక్టివ్ కుర్చీ లాక్కుంది. బాబుకి చెప్పడమంటే సరదా. ఏడూ తొమ్మిదికి ఆఫీసులో రేడియో విన్నాడట. వెంటనే వ్యాను తీయించాడట. నలభై నిమిషాల దారి. వచ్చేసరికి జనం ఇంకా వెనక్కి పోతున్నారట. మొదటి బొమ్మ తనదేనని చెప్పి ఫోనులో చూపించాడు.

డిటెక్టివ్ ఫోను చేతిలోకి తీసుకుంది. బడి నుంచి పైకి వచ్చే మెట్లు. నలభై మెట్లు, ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు, పల్లంలోంచి బయటపడటానికి ఉన్నది అదొక్కటే దారి. ఒక ఆడమనిషి ఓటరు చీటీ చేత్తో పట్టుకుని పైకి వస్తోంది. వెనక పాల బూతు, ముందు ఖాళీ డబ్బాల దొంతర, పాలవాడు ఎవరికో చిల్లర ఇస్తున్నాడు.

ఆమె ఆ ఫోను టైలరు కళ్ల ముందు పెట్టి, మీ కొట్టు పక్కదే కదా, పాల బూతు ఎన్నింటికి మూస్తాడు అని అడిగింది.

"ఏడుంపావుకి షట్టరు దించుతాడండి. గడియారం చూసుకోనక్కర్లేదు. ఆ చప్పుడుకి రోజూ నా గుండీల డబ్బా అదిరిపడుతుంది. ఇవాళా పడింది. ఏరుకునే ఓటుకెళ్లా."

బల్ల మీది చిన్న రేడియోలో పాట సాగుతోంది.

"ఏడూ తొమ్మిదికి విన్నావు, నలభై నిమిషాల దారి" అంది డిటెక్టివ్. "ఏడుంపావు లోపల మెట్ల మీద నిలబడ్డావు. నీ వ్యానుకి రెక్కలున్నాయా బాబూ, నీకు ముందుచూపు ఉందా?"

బాబు నవ్వాడు. నోరు నవ్వింది, కళ్లు గోడ గడియారం వైపు పోయాయి. మూడూ యాభై ఒకటి. కెమెరామేన్ పొద్దున్నే వచ్చి ఉంటాడని, తనకి సరిగ్గా గుర్తులేదని, చిన్న విషయాలు పట్టుకుని వేలాడొద్దని అన్నాడు. ఇప్పుడు కెమెరామేన్ ఎక్కడున్నాడని అడిగింది. మెట్ల పైనే ఉన్నాడు. ఎందుకు అంటే, మూడున్నరకి ఫ్యాక్టరీ వదిలారు, జనం ఓటుకి వస్తున్నారు, తియ్యొద్దా అన్నాడు.

అది నిజమే. కిటికీలోంచి చూస్తే మూడు వీధుల అవతల ఆ మెట్లూ, కింద బడి ఆవరణా కనిపిస్తాయి. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినవాళ్లతో ఆవరణ నిండిపోయింది. వరస గేటు దాటి చెట్ల కింద మడతలు పడింది. చాలామంది చేతుల్లో చిన్న రేడియోలు. మళ్లీ ఏం చెబుతుందో వినాలి కదా. అక్క కిటికీ దగ్గర నిలబడి ఆ జనాన్నే చూస్తోంది. వీళ్లు మళ్లీ నా మాట వింటారా పిన్నీ అని మెల్లిగా అంది. ఐదింటికి వచ్చే జీపు గురించి ఒక్కమాట కూడా అనలేదు.

బాబుకి అక్కని మాట్లాడించే తొందర ఎక్కువైంది. నాలుగింటికి తమకి లైవ్ ఉందని, ఆమె అప్పటిదాకా ఈ గదిలోనే ఉండాలని రెండుసార్లు అన్నాడు. రెండోసారి అన్నప్పుడు డిటెక్టివ్ లేచి, ఆ గదిలోనే ఉన్న డిస్కుల బీరువా ముందు నిలబడింది.

"ఈ తాళం ఎవరైనా తీయగలరా?"

తాళంచెవి పోయింది, లోపల చెదలు, పాములు కూడా ఉండొచ్చు, అని మేనేజరు అంటుండగానే టైలరు జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. నలభై ఏళ్లు కాజాలు కోసిన చెయ్యి. ముక్కు దూర్చి రెండు తిప్పులు తిప్పాడు. తలుపు వచ్చేసింది. చెదలూ లేవు, పాములూ లేవు. డిస్కుల పెట్టెలు నంబర్ల ప్రకారం బుద్ధిగా నిలబడి ఉన్నాయి. పదమూడు. పధ్నాలుగు. పదిహేను. పధ్నాలుగు తీసి తెరిస్తే ఖాళీ.

పెట్టె మీద అక్కదే చీమల బారు చేతిరాత. ఐదేళ్ల కిందటి తేదీ. కింద రెండు వరసలు. డిటెక్టివ్ పైకి చదివింది.

"ఒకటి. బడిలో పోలింగు వాయిదా. రెండు. ఆనకట్ట గేట్లు ఎత్తారు, పల్లంలో ఉన్నవాళ్లు వెంటనే మెట్లెక్కి పారిపోండి."

చదువుతూనే అరచేయి తిప్పి చూసుకుంది. 14, గీత, 2.

గడియారంలో నాలుగు.

రేడియోలో పాట సగంలో తెగిపోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, కిటికీ దగ్గర నోరు మూసుకుని నిలబడ్డ అక్క గొంతు బల్ల మీదున్న పెట్టెలోంచి వచ్చింది. ఆనకట్ట గేట్లు ఎత్తేశారు. నీళ్లు బడి వైపు వస్తున్నాయి. పల్లంలో ఉన్నవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని మెట్లెక్కి పరుగెత్తండి. సామాన్ల కోసం ఆగకండి. ఐదేళ్ల కిందట భయంతో వణికిన గొంతు. ఆ వణుకు నిజం.

కింద ఆవరణలో వరస చెదిరింది. ఒక్కసారిగా కాదు, పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ఒక మూల నుంచి మొదలై మెట్ల వైపు జరిగింది.

అక్క స్టూడియో వైపు పరుగెత్తింది. మేనేజరు కదల్లేదు. ఆఫీసరు గారి ఉత్తర్వు అని ఏదో గొణిగాడు. చెయ్యి మాత్రం జేబు మీదే ఉంది. డిటెక్టివ్ అతని ఎదురుగా నిలబడి, ఎర్ర దీపం పొద్దున ఆరూ ఇరవైకే మాడిపోయిందని, ఏడూ తొమ్మిదికి ఆ తలుపు మీద ఉన్నది దీపం కాదు ఎర్ర గుడ్డ అని, అతను అప్పుడు అక్కడ లేనే లేడని చెప్పింది. మేనేజరు ఇస్త్రీ అంతా పోయింది. అయినా తాళంచెవి తియ్యలేదు.

తీయించింది అక్క. గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, గొంతు పెంచకుండా ఒక్క మాటే అంది.

"బావా. మా అక్కకి ఎలక్షన్ డ్యూటీ పడింది ఆ బళ్లోనే. ఓట్ల పెట్టె ముందు కూర్చుని ఉంది."

మేనేజరు బాబు వైపు తిరిగాడు. "ఒక్కటే అన్నావు కదరా. పొద్దున్నది ఒక్కటే అన్నావు." నిన్న సాయంత్రం వాళ్ల మనిషిని అరగంట స్టూడియోలో కూర్చోబెట్టి తను గుమ్మం దగ్గర కాపలా కాశానని, చానల్లో పెద్ద కుర్చీ ఇస్తామన్నారని, మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. తాళంచెవి అక్క చేతిలో పడేసి ఆమె వెనకే పరుగెత్తాడు. బాబు కూడా పరుగెత్తబోయాడు, రెండో వైపు. టైలరు మెడలోని కొలతల టేపు అతని మోచేతులకి చుట్టి, కదిలితే కుట్లు పడతాయి నాయనా అని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఫోను డిటెక్టివ్ చేతిలోనే ఉండిపోయింది.

స్టూడియోలో అక్క కంప్యూటరు ఆపేసింది. మైకు తెరిచింది. గుప్పిట్లోని ఎర్ర గుడ్డ ఎప్పుడు కట్టిందో, తలుపు గొళ్లేనికి వేలాడుతోంది. అలవాటు.

"ఇప్పుడు మీరు విన్నది నా గొంతే. దాన్ని నమ్మకండి. పరుగెత్తకండి. ఉన్నచోట నిలబడండి. అది వరద ఏడాది నాటి పాత మాట. గేట్లు ఎత్తలేదు." ఊపిరి తీసుకుంది. "అది నమ్మొద్దని ఇదే గొంతుతో చెబుతున్నా. దీన్ని మాత్రం ఎందుకు నమ్మాలని మీరు అడుగుతారు. అడగాలి. అందుకని, ఈ కబురు చెప్పినవారు..."

మైకు మెడ వంచి బావ వైపు తిప్పింది.

మేనేజరు మైకు వంక, పాము పడగ వంక చూసినట్టు చూశాడు. తర్వాత తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. వీధి చెప్పాడు, పని చెప్పాడు. పొద్దున్నదీ ఇప్పటిదీ రెండూ పాత రికార్డులని, దొంగచాటుగా పెట్టించింది తనేనని చెప్పాడు.

"నా భార్య ఆ బడిలోనే కూర్చుని ఉంది. నీళ్లొస్తే ముందు మునిగేది మా ఇల్లే. రావడం లేదు. ఎక్కకండి."

డిటెక్టివ్ ముందు గది కిటికీ దగ్గర నిలబడి ఉంది. మెట్ల మొదట్లో జనం ముద్దగా పేరుకున్నారు. పైన కెమెరా కిందికి గురిపెట్టి కాచుకుని ఉంది. ముద్ద పైకి ఒక మెట్టు జరిగింది, రెండు మెట్లు జరిగింది. ఆగింది. ఎవరో పెద్దాయన రేడియో నెత్తిమీద ఎత్తి పట్టుకుని వెనక్కి తిరిగి ఏదో అంటున్నాడు. ఆ దూరానికి మాట వినబడదు. వినబడకపోయినా టైలరుకి తెలిసిపోయింది.

"పేరు చెప్పారు, పేరు చెప్పారు అంటున్నాడండి."

ముద్ద మెల్లిగా విడి వరస అయింది. వరస మళ్లీ గేటు వైపు తిరిగింది. నాలుగూ ఆరు. ఓట్లకి ఇంకా రెండు గంటల వ్యవధి.

అప్పుడే డిటెక్టివ్ చేతిలో బాబు ఫోను మోగింది. పేరు లేదు, ఒట్టి నంబరు. బాబు మొహంలో రంగు దిగిపోవడం టైలరు చూశాడు, డిటెక్టివ్ చూడలేదు. మొహాలు ఆమెకి అక్కర్లేదు. ఫోను ఎత్తి చెవికి ఆనించి, ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్లు చేసినట్టు, ఊపిరి కూడా అవతలికి పోకుండా నిలబడింది.

అవతల ముందు నాలుకతో చిన్న చప్పుడు. పంటి సందులో ఏదో ఇరుక్కున్నట్టు.

"ఏమైందయ్యా, జనం ఆగిపోయారేం? ఆవిణ్ని మైకు దగ్గరికి ఎవరు పోనిచ్చారు? సరే, ఐదు దాకా ఆగను. స్టేషన్ గేటు దగ్గరే ఉన్నా. సీలూ జీపూ రెండూ తెచ్చా."

పాటలు ఆపొద్దన్నదీ ఆ గొంతే.

డిటెక్టివ్ ఫోను పెట్టేయలేదు. అలాగే చెవికి ఆనించుకుని, టైలరుకి సైగ చేసి, వీధి తలుపు గడియ వేయించింది. కింద జీపు తలుపు మూసిన చప్పుడు ఆమెకి రెండుసార్లు వినిపించింది, ఒకటి ఫోన్లోంచి, ఒకటి కిటికీలోంచి. వరండా స్పీకర్లో అక్క గొంతు సాగుతూనే ఉంది. స్టేషన్ మెట్ల మీద బూట్లు. డిటెక్టివ్ వరండాలోకి నడిచి, ఎర్ర గుడ్డ కట్టిన తలుపు మెల్లిగా తోసి, తెరిచి ఉన్న మైకు ముందు ఆ ఫోను పెట్టి, అవతలి గొంతు ఊరంతా వినేలా స్పీకరు నొక్కింది.